ఆలకింపు తల్లికి

ఆలకింపు తల్లీ! మాటకంటే ముందే మేలుకున్నదానా, మాట అలిసి పడుకున్నాకా మేలుకొని ఉండేదానా! ప్రహ్లాదుడు చెప్పిన తొమ్మిది భక్తి మార్గాల్లో తొలి పీట నీదే. కీర్తనం సైతం నీ వెనకే నడిచింది. ఏడు రోజులు పరీక్షిత్తు నిన్ను నమ్ముకునే మృత్యువుకు ఎదురుగా కూర్చున్నాడు. శుకుడి నోటిని లోకమంతా కొలిచింది. ఆ రాజు చెవులకు హారతి పట్టినవారేరీ?

నీ గుడి ఎక్కడని అడిగితే నేను జంషెడ్‌పూర్‌లోని సీతారామ్‌డేరా చూపిస్తాను. కొలిమి ఎర్రబడే ఊరు, సువర్ణరేఖ మెరిసే ఊరు, హో, సంతాలీ, బెంగాలీ, ఒడియా, భోజ్‌పురి, మన సిక్కోలు తెలుగు ఒకే గాలిలో ఊపిరి తీసే ఊరు. చైత్ర శుద్ధ తదియ, ఉగాది పచ్చడి చేదు నాలుకమీద ఇంకా ఆరనే లేదు, అక్కడ ఉరావు ఆదివాసుల సర్హుల్ పండుగ! మాందర్ మోగుతుంది, నగారా గర్జిస్తుంది, ఎర్రంచు తెల్లచీరలు చేయీ చేయీ పెనవేసుకుని అలలై కదులుతాయి. చూడు, ఆ పాదం తొందరపడదు! దరువు చెప్పేది విని, విన్నాకే నేల తాకుతుంది. సాలవృక్షపు పూలగుత్తి మగవాడి చెవిమీద విరుస్తుంది. ఎవరు ఏ అర్థం చెప్పినా, నాకది నీకు జరిగిన పూజే. వాళ్ళ కుడుఖ్ భాష మన ద్రావిడ కుటుంబపు ఆడపడుచు. అయినా ఆ పాటలో ఒక్క ముక్క నాకు తెలియదు. తెలియకపోతేనేం, ఒళ్ళు పులకరించింది!

ఇప్పుడు గొంతులు జేబుల్లో నిద్రపోతున్నాయి. పలాస నుంచి అమ్మ వాట్సాప్‌లో పంపిన మాటను కొడుకు రెండింతల వేగంతో తిప్పేస్తాడు. కబురు అందింది, కొంగుతో కళ్ళొత్తుకోవడానికి ఆమె ఆగిన ఆ లిప్తపాటు చితికిపోయింది. యంత్రం మీద నాకు కోపం లేదు, తల్లీ. మూడు నిమిషాల ట్రంక్ కాల్‌లో వీధంతా అదిరేలా అరుచుకున్నవాళ్ళమే! ఆ గరగరల్లోంచి తెగిన దగ్గును కూడా ఏరుకుని దాచుకునేవాళ్ళం.

దిగి రా, ఊకొట్టే తల్లీ! ఆ కుర్రాడి వేలు పట్టుకుని వేగాన్ని ఒకటికి దించు. చెప్పనీ ఆమెను: జీడిపిక్కల ధర, గేదె ఈనిన సంగతి, పక్కింటి పెళ్ళిలో పప్పు మాడిన వైనం, మధ్యలో మరిచిపోయి మళ్ళీ మొదలెట్టే గేదె సంగతీ!