రాజీనామా: త్యాగమా, ఒత్తిడి సాధనమా?

1783 డిసెంబరు 23న అన్నాపొలిస్‌లో జార్జి వాషింగ్టన్ సర్వసేనాని పదవికి రాజీనామా చేసి, అధికారాన్ని కాంగ్రెస్‌కు తిరిగి అప్పగించాడు. సైన్యంపై పౌర ప్రభుత్వానిదే పైచేయి అనడానికి చరిత్ర గ్రంథాలు తరచుగా దీనినే ఉదాహరణగా చూపుతాయి. ఈ అంచనా సరైనదే కాని, అసంపూర్ణమైనది.

1798లో ఫ్రాన్స్‌తో యుద్ధభయం ఏర్పడినప్పుడు అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ ఆయననే మళ్లీ సర్వసేనానిగా నియమించాడు. తన తరువాతి స్థానం అలెగ్జాండర్ హామిల్టన్‌కే దక్కాలని వాషింగ్టన్ పట్టుబట్టాడు. లేకుంటే తప్పుకుంటానని సూచనప్రాయంగా తెలియజేశాడు. ఆడమ్స్ ఇష్టం లేకపోయినా తలొగ్గాడు. హామిల్టన్ కంటే దిగువ స్థానం లభించిన హెన్రీ నాక్స్ ఆ నియామకాన్నే తిరస్కరించాడు.

1783లో పౌరాధికారాన్ని నిలబెట్టింది రాజీనామా. 1798లో అదే అధికారాన్ని వంచింది రాజీనామా బెదిరింపు. కనుక రాజీనామాను వ్యక్తి గుణంగా మాత్రమే చూడరాదు. అది ఎవరి అధికారాన్ని పెంచింది, ఎవరిది తగ్గించింది అన్నదే విద్యార్థులు పరిశీలించవలసిన ప్రశ్న.