ఒడ్డు గడి లెక్క

తెలంగాణలోని బచ్చన్నపేట వైపు చెరువు ఏదైనా ఉపగ్రహ చిత్రంలో చూడండి. కట్ట వైపు గీత గీసినట్టే ఉంటుంది. శిఖం, అంటే చెరువు నీరు పరుచుకునే నేల, వైపు మాత్రం నీరెక్కడ ఆగిందో, నేలెక్కడ మొదలైందో తేలదు. సెంటినెల్-2 ఉపగ్రహం తీసే అతి స్పష్టమైన చిత్రంలో ఒక్కో పిక్సెల్, అంటే ఒక్కో గడి, నేల మీద 10 మీటర్ల చదరం. ఒడ్డు మీది గడిలో కొంత నీరు, కొంత బురద.

ఆకారాన్ని కొలవడానికి కంప్యూటర్ వాడే సాధనాల్లో దూరపటం ఒకటి. నీటిలోని ప్రతి గడిలో, దగ్గరి ఒడ్డు ఎంత దూరమో ఒక అంకె వేస్తారు. 1966లో రోజెన్‌ఫెల్డ్, ఫాల్ట్జ్ దీన్ని చకచకా వేసే దారి చూపారు. పక్కకూ పైకీ మాత్రమే నడిస్తే మూల గడిని చేరడానికి 2 అడుగులు వేయాలి, అంటే 2 గడుల దూరం. అసలు దూరం 1.41 గడులు. 1980లలో గునిల్లా బోర్గెఫోర్స్ పక్క అడుగుకు 3, మూల అడుగుకు 4 వేసి, చివర్న 3తో భాగించారు. మూల 1.33కి వచ్చింది.

అంతకుముందే, 1980లో, స్వీడన్‌లోని లిన్‌షాపింగ్‌లో పెర్-ఎరిక్ డేనియల్సన్ చేసిన పని ఇంకా ముచ్చటైనది. ఆయన గడి నుంచి గడికి దూరాన్ని అందించలేదు. అడ్డంగా ఎన్ని గడులు, నిలువుగా ఎన్ని అనే జంటను అందించారు. జంట 3, 1 అయితే దూరం 10కి వర్గమూలం, 3.16. బోర్గెఫోర్స్ లెక్కలో అదే 3.33. డేనియల్సన్ పద్ధతి అరుదుగా తప్పుతుంది, తప్పినా గడిలో చిన్న పాలే.

అయినా ఒక లోపం మిగిలింది. ఒడ్డు గడిని పూర్తిగా నీరనో, పూర్తిగా నేలనో రాసుకుంటే హద్దు అర గడి దాకా జరుగుతుంది. 30 మీటర్ల కాలువకు రెండు గట్ల మీదా అలా జరిగితే వెడల్పులో మూడో వంతు తేడా! కొలిచే పద్ధతి ఎంత కచ్చితమైనదైనా ఈ తప్పు పోదు, ఎందుకంటే అది గడులుగా కోసినప్పుడే వచ్చింది.

2011లో అదే లిన్‌షాపింగ్‌కు చెందిన స్టెఫాన్ గుస్తావ్‌సన్, ఉప్సాలాకు చెందిన రాబిన్ స్ట్రాండ్ దీన్ని సరిచేశారు. గడిలో 80 శాతం నీరుంటే, గడి అంచుకు సమాంతరంగా సాగే ఒడ్డు గడి నడిమి నుంచి 0.3 గడి, అంటే 3 మీటర్లు, అవతల ఉన్నట్టు. ఒడ్డు ఏటవాలుగా ఉంటే చుట్టుపక్కల గడుల ఛాయను బట్టి దాని వాలు పట్టుకుంటారు. ఆ చిన్న కొలతను డేనియల్సన్ జంటకు కలుపుతారు. పాత పద్ధతి అలాగే ఉంది; పారేసే సమాచారమే పనికొచ్చింది.

గుర్రపుడెక్క కలుపు కమ్మిన చోట నీటి పాలు సరిగా తేలదు, అక్కడ ఈ నేర్పూ పనిచేయదు. పెద్ద చెరువు నడిమి లోతట్టుకు పాత లెక్కే చాలు. సన్నటి కాలువకూ, తగాదా పడే శిఖం హద్దుకూ మాత్రం ఇదే తగిన పనిముట్టు.