పది నియమాలలో మూడవది

అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకు చెందిన జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీలో పనిచేసిన గెరార్డ్ హోల్జ్‌మన్ 2006లో ఒక చిన్న వ్యాసం ప్రకటించారు. పొరపాటు జరిగితే ప్రాణాపాయం కలుగగల యంత్రాలకు ప్రోగ్రాములు వ్రాసేవారికి పది నియమాలు అందులో ఉన్నవి. మూడవ నియమం ఇది: ప్రోగ్రాము ఆరంభదశ ముగిసిన తరువాత కొత్తగా మెమొరీని అడిగి తీసుకోరాదు. ఈ కట్టుబాటు ఎంతవరకు సమంజసమో విచారించవలసి ఉన్నది.

పరికరాలలో ఇమిడి ఉండే కంప్యూటర్లకు మెమొరీ బహు స్వల్పం. పాఠశాలల్లో వాడే ఆర్డ్యూనో ఊనోలో మార్చి వ్రాయగల మెమొరీ 2,048 బైట్లు మాత్రమే. అందులో 1,000 బైట్లను నూరేసి చొప్పున పది భాగాలుగా పంచామనుకుందాం. ఒకటి విడిచి ఒకటి ఖాళీ అయితే మిగిలేది 500 బైట్లు. అయినా వరుసగా 200 బైట్లు కావాలంటే దొరకవు. చోటు ఉన్నది, కాని ముక్కలైపోయినది.

అడిగిన మెమొరీ ఇవ్వటానికి ఎంత కాలం పడుతుందో చెప్పలేము. తీసుకున్నది తిరిగి ఇవ్వటం మరవవచ్చు. ఇచ్చివేసినదానిని మళ్ళీ వాడవచ్చు. హోల్జ్‌మన్ చూపిన ఈ కారణాలు బలమైనవే. ఒక పని తనను తానే పిలుచుకోరాదన్న మొదటి నియమాన్ని దీనికి జోడించి, మెమొరీ అవసరాన్ని ముందే లెక్కగట్టవచ్చునని చూపటం వ్యాసంలో మేలైన భాగం. 2004 జనవరిలో అంగారకునిపై స్పిరిట్ వాహనానికి వచ్చిన ఆపద ఇందుకు తార్కాణం. ఫైళ్ళు పెరిగినకొద్దీ వాటి పట్టిక మెమొరీని ఆక్రమించింది. చోటు చాలక కంప్యూటర్ ఆగి మళ్ళీ మొదలయ్యేది. మొదలుకాగానే అదే పట్టికను తెరిచి మళ్ళీ ఆగేది. అనవసరమైన ఫైళ్ళు తొలగించిన తరువాతగాని అది కుదుటపడలేదు.

అయితే వ్యాసంలో రెండు లోపాలు ఉన్నవి. సమాన పరిమాణం గల గదులను ముందే ఏర్పరచి, వాటినే ఇచ్చిపుచ్చుకొనే మధ్యేమార్గాన్ని అది ప్రస్తావించలేదు. గదులన్నీ సమానమైతే ముక్కలయ్యే బాధ ఉండదు.

రెండవ లోపం పెద్దది. హద్దు గీసినంత మాత్రాన చోటు నిండకుండా ఉండదు. 1969 జులై 20న అపోలో 11 చంద్రునిపై దిగుతున్నప్పుడు దాని కంప్యూటర్‌లో పనులకు కేటాయించిన గదులు పరిమితమే. రాడార్ నుండి వచ్చిన అనవసర సంకేతాలు కాలాన్ని హరించటంతో పాత పనులు పూర్తికాకముందే కొత్తవి వచ్చిపడి, గదులు నిండి, 1202 అనే హెచ్చరిక వెలువడింది. ముఖ్యమైన పనులు నిలిపి తక్కినవి వదలివేసే ఏర్పాటు ముందే ఉన్నందున నౌక క్షేమంగా దిగింది. ప్రతి పని ఫలితాన్ని పరీక్షించాలని హోల్జ్‌మన్ ఏడవ నియమం చెబుతున్నది. చోటు లేదని తెలిసిన తరువాత దేనిని వదలాలో మాత్రం చెప్పదు.

కనుక విద్యార్థులు మూడవ నియమాన్ని నిషేధంగా కాక ఒక లెక్కగా గ్రహించాలి. ఉష్ణోగ్రత కొలతలు 300, ఒక్కొక్కటి 2 బైట్లు అయితే 600 బైట్లు కావాలి. ఇది సగం లెక్కే. 301వ కొలత వచ్చినప్పుడు పాతదాన్ని చెరిపివేయాలా, కొత్తదాన్ని తిరస్కరించాలా అన్నది కూడా ముందే కాగితంమీద వ్రాసుకొంటేనే ఆ లెక్క పూర్తవుతుంది.