సముద్రతీర వివాహవాక్యములు

వివాహమున నుచ్చరింపఁబడు వాక్యములు ధర్మశాస్త్రజ్ఞుల విచారమునకే గాని సాహిత్యవిమర్శకు విషయములు గావని కొందఱి యభిప్రాయము. అది సరికాదు. వక్తయు శ్రోతయు నియతులై, పలికినంతనే ఫలము నొసఁగు వాక్యసముదాయ మెద్దియైనను శబ్దార్థపరీక్షకుఁ దగినదే. హోమాగ్నియు, బంధుసమూహమును, మంగళవాద్యములును లేక, యిసుకమీఁద నిరువురు నిలిచి మాటలచేతనే దంపతులగు ప్రయోగమున మాటల భారము మఱింత హెచ్చు. పసిఫిక్ మహాసముద్రమందలి హవాయి దీవులలో నట్టి ప్రయోగము వాడుకయం దున్నది. అచ్చట నిరువురు పురుషులో, యిరువురు స్త్రీలో సముద్రతీరమునఁ జేసికొను చిన్న వివాహముల వాక్యసరణి నిందుఁ బరిశీలించెదను. ఈ వాక్యములలో లింగ మెచ్చట నున్నది? వీనికి సాక్షి యెవరు? ఈ రెండు ప్రశ్నలే నా విషయము.

ఆ దీవులనే యేల గ్రహింపవలయు ననఁగా, ఈ వివాదము న్యాయస్థానమున ఘనముగా నారంభమైన చోట్లలో నది ముఖ్యము. 1990 డిసెంబరున మూఁడు జంటలు వివాహానుమతిపత్రములకై యడిగి నిరాకరింపఁబడి వ్యాజ్యము వేసిరి. 1993లో హవాయి సర్వోన్నతన్యాయస్థానము, ఈ నిరాకరణము లింగభేదమును బట్టి చేయఁబడినది గావున దానికి బలమైన కారణమును బ్రభుత్వమే చూపవలయునని తీర్పు చెప్పెను. 1998లో ప్రజలు రాజ్యాంగమును సవరించి, వివాహమును స్త్రీపురుషులకే పరిమితము చేయు నధికారమును శాసనసభ కొసఁగిరి. 2013 నవంబరు 13వ తేదీని ఆ సభ చేసిన వేఱొక శాసనమున కామోదము లభించి, డిసెంబరు 2 మొదలు అందఱికిని వివాహము సమాన మయ్యెను. 1998 నాఁటి వాక్యమును 2024 నవంబరున ప్రజలే తొలఁగించిరి.

ప్రయోగక్రమ మిది. మొదట శంఖము నూఁదుదురు. దానిని వారు 'పూ' యందురు. పిదప నిర్వాహకుని స్వాగతవాక్యములు. ఆపై నిరువురును 'లేయి' యను పూలదండల నొండొరుల మెడల వైచుకొందురు. తరువాతఁ బ్రతిజ్ఞలు, ఉంగరముల మార్పు. కొందఱు రెండు పాత్రలలోని యిసుకను నొక్క గాజుపాత్రలోఁ గలియఁబోయుదురు. కడపట నిర్వాహకుఁడు, వీరు దంపతులైరని ప్రకటించును. ప్రభుత్వతీరమున మండపములు, తోరణములు నిలుపుట కనుమతి లేదు. కావున నలంకారభారమంతయు మాటలపైఁ బడినది.

ఆ భారమును స్వాగతభాగము సరిగా మోయలేదని నా తలంపు. ప్రేమ సముద్రమువలె నగాధమనియు, తరంగములవలె నెడతెగనిదనియుఁ జెప్పుట యచ్చట పరిపాటి. ఉపమానము కన్నులయెదుటనే మ్రోయుచుండఁగా దానినే మరల వర్ణించుట పునరుక్తి. అంతియ కాదు, సముద్రమును బిలిచినచో దాని ధర్మములన్నియు వెంట వచ్చును. ఆటుపోటులును, ఉప్పదనమును, అడుగుజాడలను జెఱిపివేయు స్వభావమును దానివే. ప్రతిజ్ఞకు ముందు చెఱిగిపోవుదానిని స్ఫురింపఁజేయుట క్షేమేంద్రుఁడు చెప్పిన యౌచిత్యమునకు విరుద్ధము. ఇసుక కలుపుట మాత్ర ముచితమైనది. కలిసిన రేణువులను మరల వేఱుచేయుట యెవ్వరి తరమును గాదు. ఆ భావము చేఁతవలననే తెలియుచున్నది, వ్యాఖ్య యక్కఱలేదు. మన తలంబ్రాలును నట్టివే గదా.

ఇఁక ప్రతిజ్ఞ. ఆంగ్లభాషలో వివాహవాక్యముల కాకరమైనది 1549లో వెలువడిన ఇంగ్లండు సామాన్యప్రార్థనగ్రంథము. అందు వరుని ప్రతిజ్ఞకును వధువు ప్రతిజ్ఞకును భేదము గలదు. లోఁబడి యుందునను మాట వధువు మాత్రమే పలుకవలయును. సమానలింగుల ప్రతిజ్ఞలో నట్టి భేదమునకుఁ దావు లేదు. ఒకరు పలికినదానినే రెండవవారును బలుకుదురు. ఇది లోపమని తలఁచువారు గలరు. నాకు గుణముగాఁ దోఁచుచున్నది. ప్రతిజ్ఞకు సమత్వమే ప్రాణము.

వ్యాకరణదృష్టితోఁ జూచిన నీ విషయము మఱింత స్పష్టమగును. మన తెనుఁగున నుత్తమమధ్యమపురుషక్రియలకు లింగభేదము లేదు. 'నిన్ను విడువను' అని పురుషుఁడు పలికినను స్త్రీ పలికినను వాక్య మొక్కటియే. మహదమహద్భేదము ప్రథమపురుషమునఁ గానవచ్చును. 'నీవాఁడను', 'నీదానను' అను చోట్ల నుత్తమపురుషమున సయితము లింగము వ్యక్తమగుట నిజమే; కాని యట్టిచోట నిరువురు పురుషులును 'నీవాఁడను' అనియే, యిరువురు స్త్రీలును 'నీదానను' అనియే పలుకుదురు. అందు భాషకు వచ్చిన చిక్కేమియు లేదు. దీనివలన తేలిన దేమనఁగా, ప్రతిజ్ఞకు లింగము ప్రధానము గాదు; లింగమును బ్రధానముగాఁ జేయునది, వీరు పతియుఁ బత్నియు నైరని నిర్వాహకుఁడు ప్రథమపురుషమునఁ జేయు ప్రకటన. వివాదమంతయు నీ ప్రకటనను గూర్చియే గాని ప్రతిజ్ఞను గూర్చి కాదు.

మన వైదికప్రయోగమున సప్తపదియందు ఏడవ యడుగున వరుఁడు వధువును సంబోధించు మంత్రము పండితుల కెల్లరకుఁ దెలిసినదే. అందలి శబ్దము 'సఖా' యని పుంలింగము. 'సఖీ' యని గాదు. పాణిని 4.1.62వ సూత్రమున 'సఖీ' యను రూపమును భాషావిషయమని నియమించెను; భాషాపదప్రయోజనమును జూపుటకై కాశికాకారుఁ డీ మంత్రమునే ప్రత్యుదాహరణముగా నిచ్చెను. ఇది ఛాందసప్రయోగమే గాని సమానలింగవివాహమునకు బ్రమాణమని నేను వాదింపను. అట్లు వాదించుట శాస్త్రమును వంచుటయగును. ఏడడుగుల చివర సిద్ధించు సంబంధమునకు ఋషులు పెట్టిన పేరు సఖ్యమని మాత్రము చెప్పుదును. హవాయిభాషలోను నిట్టి శబ్ద మొకటి కలదు. 'ఐకానె' యనునది యిపుడు మిత్రవాచకము. పూర్వము సమానలింగుల గాఢానుబంధమును దెలిపెడిది. 1779లో ఆ దీవులఁ జూచిన కెప్టెన్ కుక్ నావికబృందమువారు నాయకుల 'ఐకానె'లను గూర్చి తమ దినచర్యలలో వ్రాసిరి. తమ నేలయందే యిట్టి మాట యుండఁగా, తీరవివాహకర్తలు దానిని విడిచి యంగడియుపమలను దెచ్చుకొనుట శోచనీయము.

సర్వనామముల విషయమునను ఆ భాష మనకు దగ్గఱ. ఆంగ్లమునఁ బ్రతిజ్ఞ బహువచనమునకు వచ్చినపుడు, శ్రోత యందుఁ జేరెనా లేదా యనునది తెలియదు. తెనుఁగున 'మేము' వేఱు, 'మనము' వేఱు. హవాయిభాష యింకొక యడుగు ముందునకు వేసినది. నీవును నేనును నను నిరువురికే చెల్లు 'కావువ' యను ద్వివచనము దానికిఁ గలదు. అతిథులతోఁ బలుకునపుడు 'మేము', ఒండొరులతోఁ బలుకునపుడు 'మనము' అను వివేక మున్నచో వివాహవాక్యమునకు వేఱు శోభ యక్కఱలేదు.

తెనుఁగున నిట్టివారిని దంపతు లనవచ్చునా? అమరుఁడు దంపతీ, జంపతీ, జాయాపతీ, భార్యాపతీ యని నాలుగు పర్యాయములఁ జెప్పెను. కడపటి రెంటను భార్య స్పష్టముగానే యున్నది. మొదటిదానియందును జాయాశబ్దమునకే దమ్-ఆదేశమని వైయాకరణుల నిర్వచనము. అయినను ఋగ్వేదమున 'దంపతి' యని యేకవచనమున గృహస్వామి యను నర్థము గానవచ్చును. ఇల్లే యీ శబ్దమునకు మూలమైనచో, నొక యింటికి స్వాములైన యిరువురికి నది చెల్లును. 'ఆలుమగలు' మాత్రము చెల్లదు.

ఇఁక సాక్షి. హవాయిశాసనము వివాహమునకు సాక్షుల నడుగదు; అనుమతిపత్రమును, ప్రభుత్వాంగీకారము గల నిర్వాహకుఁడును నుండినఁ జాలును. కావుననే మూవురితో ముగియు వివాహము లచ్చట సాధ్యములు. ఏకాంతమున నిచ్చిన మాట యేమగునో మనకు శకుంతల నేర్పినది. నన్నయ భారతమున దుష్యంతుఁడు సభలో నెఱుఁగననఁగా నామె పంచభూతములను, సంధ్యలను, సూర్యచంద్రులను సాక్షులుగాఁ బేర్కొనెను. తీరవివాహమున నవియన్నియు నున్నవి: నీరు, గాలి, ఆకాశము, సాయంసంధ్య. కాని భూతములు సభకు వచ్చి పలుకవు. అశరీరవాణి పలికినపిదపనే రాజు శకుంతలను స్వీకరించెను. హవాయిలో నా యశరీరవాణి పని ప్రభుత్వపు నమోదుపుస్తకము చేయుచున్నది.

మన దేశమున నా వాణి యింకను బలుకలేదు. 2021 డిసెంబరున హైదరాబాదు చెంత నిరువురు పురుషులు బంధుమిత్రుల నడుమ వివాహోత్సవము జరుపుకొనిరి. తరువాత సర్వోన్నతన్యాయస్థానమున నర్థులైరి. 2023 అక్టోబరు 17వ తేదీని ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, వివాహము మూలహక్కు గాదనియు, మార్పు శాసనసభలు చేయవలసినదనియు నిర్ణయించెను. కావున నిచ్చట నట్టివారికి మాట మాత్రమే మిగిలినది. వ్రాఁతయే లేని చోట మాట యెంత శుద్ధముగా నుండవలయునో వేఱుగఁ జెప్పనక్కఱలేదు.

సముద్రవర్ణనను విడిచి, ప్రతిజ్ఞను సమముగా నిలిపి, 'మనము' అను పదము నెఱిఁగి వాడినచో నీ చిన్న వివాహవాక్యములు మంచివాక్యములే యగును. ధర్మాధర్మనిర్ణయమునఁ బండితులు భిన్నాభిప్రాయులు కావచ్చును. కాని శకుంతల నెఱుఁగననిన సభలో నన్నయ యెవరి పక్షమునఁ బద్యములు చెప్పెనో తలఁచుకొని, మాట యిచ్చినవారి మాటను ముందుగా వినుట మన సాహిత్యసంప్రదాయమునకుఁ దగిన పని.