ఫోటోలో చోటు దొరకనివాళ్ళు: కుటుంబ జ్ఞాపకాలు, బొమ్మల కథలు

బొమ్మల కథ అనగానే మన సాహిత్య విమర్శ దాన్ని పిల్లల అరలో పెట్టి చేతులు దులుపుకుంటుంది. ఆత్మకథనూ కుటుంబ చరిత్రనూ పెద్దల అరలో పెడుతుంది. ఈ రెండు అరలనూ ఒకటి చేసిన రచనలు ప్రపంచంలో నలభై యేళ్ళకు పైగా వస్తున్నాయి. ఇంట్లోని పాత ఫోటోలనూ, పెద్దలు చెప్పుకునే ముచ్చట్లనూ బొమ్మల కథలుగా మలచాలనే ఉత్సాహం మన విద్యార్థుల్లోనూ కనిపిస్తోంది. ఉత్సాహం మంచిదే. అయితే ఏ రూపాన్ని చేపట్టేటప్పుడైనా అది ఎవరి జీవితాన్ని చూపుతుంది, ఎవరి జీవితాన్ని మరుగుపరుస్తుంది అని అడగడం అభ్యుదయ విమర్శ బాధ్యత.

ఫోటో ఉన్నదున్నట్టు చూపుతుందని మనకొక నమ్మకం. అది సగమే నిజం. ఫోటోకు ఖర్చుంది, భంగిమ ఉంది, చట్రం ఉంది. పలమనేరు చుట్టుపట్ల పాత మిద్దె ఇళ్ళలో గోడకు వేలాడే పటాలను చూడండి. తాత కుర్చీలో కూర్చుని ఉంటాడు, అవ్వ పక్కన నిలబడి ఉంటుంది, వెనుక తెర మీద ఎవరో గీసిన తోట, మెట్లు. ఆ మెట్లు ఏ ఇంటివీ కావు. ఆ ఇంటి చేను దున్నినవాడూ, ఆ ఇంటి పేడ ఎత్తినామే చట్రంలో ఉండరు. వాళ్ళ ఇళ్ళలో కుటుంబ ఫోటో అంటే చాలాకాలం రేషను కార్డు మీదిదే. ప్రభుత్వం అడిగితే అందరూ వరసగా నిలబడి దిగినది. కొన్ని ఇళ్ళలో అవ్వకు మొదటి ఫోటో, చివరి ఫోటో ఒకటే. పోయిన తర్వాత కుర్చీలో కూర్చోబెట్టి, పూలదండ వేసి తీయించినది. మూసిన ఆ కళ్ళను స్టూడియోవాళ్ళ చేత తెరిపించి పటం కట్టించుకుంటారు. ఫోటో మీద గీత పడడం మనకు కొత్త కాదన్నమాట.

తరగతిలో ఒకసారి, ఇంట్లో ఉన్న అతి పాత ఫోటో తెచ్చి దాని వెనుక కథ చెప్పమన్నాను. కొందరు ఆల్బములు తెచ్చారు. కొందరు రేషను కార్డు తెచ్చారు. కొందరు ఉత్తచేతులతో వచ్చారు. ఉత్తచేతులతో వచ్చినవాళ్ళ దగ్గరే కథలు ఎక్కువగా ఉన్నాయి. ఫోటో ఉన్నవాళ్ళు ఫోటోలో కనిపించేది చెప్పి ఆగిపోయారు. లేనివాళ్ళు కరువు పనిలో రాళ్ళు కొట్టిన అవ్వను చేతులతో, ముఖంతో నటించి చూపించారు. బొమ్మల కథకు అసలైన ముడిసరుకు ఇదే. కుటుంబ ఫోటోను బొమ్మల కథగా మార్చడమంటే ఫోటోను గీతల్లోకి దించడం కాదు. ఆ ఫోటో వదిలేసినదాన్ని నిలదీయడం.

ఈ మాటకు బలమైన ఉదాహరణ అమెరికా చిత్రకారుడు ఆర్ట్ స్పీగెల్‌మన్ ‘మౌస్’. మొదటి భాగం 1986లో, రెండో భాగం 1991లో పుస్తకాలుగా వచ్చాయి. 1992లో పులిట్జర్ ప్రత్యేక పురస్కారం దక్కింది. నాజీల ఔష్విట్జ్ నిర్బంధ శిబిరం నుంచి బతికి బయటపడిన తండ్రి వ్లాడెక్ మాటల్ని కొడుకు టేపు మీద పట్టుకొని గీసిన కథ అది. అందులో యూదులు ఎలుకలు, జర్మన్లు పిల్లులు. ఇంత కల్పిత వేషంలో నడిచే పుస్తకంలో అసలు ఫోటోలు మూడే ఉన్నాయి. వాటిలో ఒకటి తండ్రిది, ఖైదీ దుస్తుల్లో. చూసినవాడు అది శిబిరంలో తీసిందే అనుకుంటాడు. కాదు. విడుదలైన తర్వాత ఒక స్టూడియోలో, అక్కడ ఉంచిన శుభ్రమైన ఖైదీ దుస్తులు వేసుకొని దిగినది. ఫోటోనే వేషం కట్టింది, ఎలుక ముఖం నిజం చెప్పింది. రూపానికీ సారానికీ ఉన్న సంబంధం గురించి ఇంతకంటే సూటిగా చెప్పడం కష్టం.

మరో ఘట్టంలో తండ్రి ఫోటోల పెట్టె తెరుస్తాడు. భార్య తరఫు బంధువుల ఫోటోలు పేజీ నిండా కుప్పపోస్తాయి. వాటిని స్పీగెల్‌మన్ ఎలుక ముఖాలతోనే గీశాడు. తన తరఫున మాత్రం ఒక్క ఫోటో కూడా మిగల్లేదని తండ్రి చెబుతాడు. తల్లి రాసుకున్న పుస్తకాలను ఆమె మరణించాక తండ్రే కాల్చేశాడు. కొడుకు ఆమె మాటను కల్పించి ఆ ఖాళీని పూడ్చలేదు. ఖాళీని ఖాళీగానే చూపించాడు. కుటుంబ చరిత్ర రాసేవాళ్ళు నేర్చుకోవలసిన నిజాయితీ ఇది.

ఫోటోయే లేని జ్ఞాపకాన్ని ఏం చేయాలి? ‘భీమాయన’ దీనికి జవాబు. 2011లో నవయాన ప్రచురించిన ఈ పుస్తకానికి గోండు చిత్రకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్ బొమ్మలు వేశారు. 1901లో తండ్రిని కలుసుకోవడానికి ఇంటి పిల్లలతో కలిసి బయలుదేరిన బాల అంబేడ్కర్‌కు మసూర్ స్టేషన్లో ఎదురైన అవమానం ఇందులో ఉంది. ఆయన స్వయంగా రాసుకున్న జ్ఞాపకమే దానికి ఆధారం. ఆ పిల్లల్ని ఆ స్టేషన్లో ఏ కెమేరా పట్టించుకోలేదు. వ్యామ్ దంపతులు మనుషుల్ని చతురస్రపు గడుల్లో బంధించడానికి ఒప్పుకోలేదు. విషం చిమ్మే మాటల బుడగకు తేలు కొండి పెట్టారు. మెత్తని మాటకు పిట్ట ఆకారం ఇచ్చారు. కొత్త వస్తువు తన శిల్పాన్ని తానే వెతుక్కుందని దీనర్థం.

ఇదంతా పరాయి సరుకు అనేవాళ్ళు మన శ్రీకాళహస్తి దాకా వెళ్ళి రావాలి. అక్కడి కలంకారీ బట్ట మీద కథ గడులు గడులుగా నడుస్తుంది, గడి వెంట తెలుగు అక్షరం నడుస్తుంది. తెలంగాణాలో చేర్యాల నకాషీలు గీసిన పటాలను విప్పుతూ కథకులు కులపురాణాలు చెప్పేవారు. రామాయణ భారతాలకే కాదు, శ్రమజీవుల కులాలకూ తమ పుట్టుక కథను బొమ్మల్లో చూసుకునే హక్కు అక్కడ ఉండింది. అయితే అవి కులానికి మూలపురుషుణ్ణి చూపాయి, నిన్నటి కూలి తాతను చూపలేదు. ఆ పని మనకు మిగిలింది.

తెలుగులో ఆ పనికి కావలసిన వస్తువు సిద్ధంగానే ఉంది. వై.బి. సత్యనారాయణ ‘మా నాయన బాలయ్య’లో మూడు తరాల మాదిగ కుటుంబం పల్లె నుంచి రైల్వే పనిలోకి నడిచిన చరిత్ర ఉంది. మన మిట్టూరు నామిని ‘పచ్చనాకు సాక్షిగా’లో అమ్మా, అబ్బా, సేద్యమూ చిత్తూరు జిల్లా మాటతోనే బతికి ఉన్నారు. ముళ్ళపూడి వెంకటరమణ ‘కోతి కొమ్మచ్చి’ బాపు బొమ్మలతోనే వచ్చింది. కాని అక్కడ కథ నడిపేది వాక్యం, బొమ్మ దాని పక్కన నవ్వుతూ నిలబడుతుంది. బొమ్మే కథ మోసే రచన వేరు. అందులో మాటల బుడగ చాలా ఇరుకు. ఆ ఇరుకులో మన అవ్వ చేత అనువాద కామిక్సుల రాజుల భాష మాట్లాడిస్తే ఆమె రెండోసారి చచ్చిపోతుంది. యాస అలంకారం కాదు, సాక్ష్యం.

ఇక అసలు ప్రమాదం. 2025లో కుటుంబ ఫోటోలను జపాన్ గిబ్లీ స్టూడియో బొమ్మల మాదిరిగా యంత్రం చేత మార్పించుకునే మోజు లోకమంతా పాకింది. అందులో ప్రతి తాతకూ ఒకే నునుపు బుగ్గ, ప్రతి ఊరికీ ఒకే పచ్చిక. అప్పు లేదు, ఎండ లేదు, పగిలిన మడమ లేదు. యంత్రం తప్పు చిన్నది. మధ్యతరగతి పాతకాలపు బెంగ చిరకాలంగా కోరుకుంటున్నదాన్నే అది వేగంగా చేసిపెట్టింది. చేత్తో గీసినా, చట్రం బయట నిలబడినవాణ్ణి బయటే ఉంచితే ఆ బొమ్మా ఇదే జాతి.

కనుక ఈ రూపాన్ని చేపట్టే రచయితలు ముందు ఆ ఫోటోకు డబ్బు ఎవరిచ్చారో, అది తీసే వేళకు ఇంట్లో పని ఎవరు చేస్తున్నారో విచారించాలి. అసలు ఫోటో ఏదో, తమ ఊహ ఏదో పాఠకుడికి తెలిసేలా గీయాలి. తెలియనిచోట ఖాళీ గడి వదలాలి. బొమ్మ రాని రచయిత బొమ్మ వచ్చినవాడితో కూర్చోవాలి. ఇద్దరూ కలిసి ముందు అవ్వ దగ్గర కూర్చోవాలి. ఆమె చెప్పగలిగిన రోజులు ఎన్నో లేవు.