టేబుల్ బిగించే చేతులు

1997లో షెఫీల్డ్‌లోని క్రూసిబుల్ థియేటర్‌లో రోనీ ఓసలివన్ 5 నిమిషాల 8 సెకన్లలో గరిష్ఠ స్కోరు 147 కొట్టాడు. ఆ వీడియో చూడని స్నూకర్ అభిమాని ఉండడు. నేనిప్పుడు దాన్ని పెట్టుకుంటే రోనీని కాదు, అతని ముందున్న ఆకుపచ్చ బట్టనే చూస్తుంటాను. తెల్లబంతి కుషన్‌ని తాకి, తిరిగి, అతను కోరినచోట ఆగుతుంది. దారిలో ఎక్కడా తడబడదు. టేబుల్ మీద అంత నమ్మకం లేకపోతే ఆ వేగం ఏ మనిషి వల్లా కాదు. ఆ నమ్మకాన్ని తయారుచేసినవాళ్లు టేబుల్ ఫిట్టర్లు. స్కోరుబోర్డు మీద వాళ్ల పేరుండదు. మృదంగ విద్వాంసుడికి చప్పట్లు కొట్టి, ఆ మృదంగానికి తోలు బిగించినవాణ్ణి మరిచిపోయినట్టే ఇదీ.

క్రూసిబుల్‌లో 1977 నుంచీ ప్రపంచ చాంపియన్‌షిప్ జరుగుతోంది. వెయ్యి కుర్చీలు కూడా పట్టని నాటకశాల అది. క్వార్టర్ ఫైనల్స్ దాకా నడుమ అడ్డుగోడ పెట్టి రెండు టేబుళ్ల మీద ఆడిస్తారు. ఆ రౌండ్ ముగిసి జనం లేవగానే ఫిట్టర్ల పని మొదలవుతుంది. అడ్డుగోడ తీసేయాలి. రెండు టేబుళ్లున్న చోట నట్టనడుమ ఒక్కటే నిలవాలి. సెమీఫైనల్ మొదలయ్యే వేళకి అదేదో పదేళ్లుగా అక్కడే ఉన్నంత కుదురుగా ఉండాలి. టన్ను పైచిలుకు బరువున్న వస్తువుతో ఇంత పని చేసేవాళ్లని ఏమని మెచ్చుకోవాలి!

పని వరస చూడండి. ముందు కాళ్లు, చట్రం. దాని మీద ఐదు పలకరాళ్లు, ఒక్కోటి 150 కిలోలకి తగ్గదు. రాయికి రాయి ఆనించి, అతుకుల్లో లప్పం పెట్టి, ఆరాక గీకి, వేలితో తడిమితే అతుకెక్కడో తెలియకుండా చేస్తారు. ఆపైన రసమట్టం. కుషన్ల మధ్య 11 అడుగుల 8½ అంగుళాల పొడవు, 5 అడుగుల 10 అంగుళాల వెడల్పు. ఇంత మేరలో వెంట్రుకవాసి వాలు ఉన్నా మెల్లగా దొర్లే బంతి దాన్ని బయటపెట్టేస్తుంది. బరువుకి నేల కుంగుతుంది కనుక ఒకసారి చూసి వదిలేయరు, మళ్లీ మళ్లీ చూస్తారు.

అసలు విద్య బట్ట దగ్గరుంది. అది నూగున్న ఉన్నిబట్ట. ఆ నూగు, ఆట మొదలయ్యే చివరనున్న బాక్ గీత వైపు నుంచి నల్లబంతి వైపుకే వాలాలి. ఇద్దరు చెరోవైపు లాగుతూ, ముడత రాకుండా, అలాగని నేత సాగిపోకుండా బిగిస్తారు. పాకెట్ల దగ్గర రాతి అంచు లోపలికి వంపు తిరుగుతుంది. చదునుగా నేసిన బట్టని ఆ వంపులోకి మడత లేకుండా దింపడంలోనే ఫిట్టర్ ఘనత తెలుస్తుంది. తర్వాత కుషన్లు బిగించి, పాకెట్ల నోళ్లని కొలత అచ్చులతో సరిచూస్తారు. కిందికుషన్‌కి 29 అంగుళాల దగ్గర బాక్ గీత, దాని మీద 11½ అంగుళాల వ్యాసార్థంతో 'డి' అనే అర్ధవృత్తం, పైకుషన్‌కి 12¾ అంగుళాల దూరంలో నల్లచుక్క. చివర బ్రష్షు, ఇస్త్రీ. ఇవీ ఒకే దిక్కుకి. ఎదురు ఇస్త్రీ చేశారంటే అంత శ్రమా మట్టిపాలే. నూగులేని నున్నటి బట్ట వేగంగా ఉంటుందని వాదించేవాళ్లున్నారు. ఉండనివ్వండి. నూగు లేని టేబుల్ మీద ఆడేది నా లెక్కలో స్నూకర్ కాదు.

ఇంత శ్రద్ధ కోరే ఈ ఆట పుట్టింది మన దేశంలోనే. 1875లో జబల్‌పూర్‌లో నెవిల్ చాంబర్లిన్ అనే సైనికాధికారి మొదలుపెట్టాడని, ఊటీ క్లబ్బులో నియమాలు కుదిరాయని చెబుతారు. రాతి టేబుల్ అంతకు ముందే, లండన్‌లో థర్స్టన్ అనే టేబుల్ తయారీదారు చేతుల్లో తయారైంది.

మన తెలుగు నేల కూడా ఇండియన్ ఓపెన్ స్నూకర్ పోటీ చూసింది. 2016లో హైదరాబాద్‌లో ఆంథొనీ మెక్‌గిల్ గెలిచాడు. 2017 సెప్టెంబరులో విశాఖలో అదే మెక్‌గిల్‌ని 5-1తో ఓడించి జాన్ హిగిన్స్ గెలిచాడు. సెప్టెంబరు విశాఖ అంటే వానగాలి, దానికి తోడు సముద్రపు తేమ. ఉన్ని తేమని పీలిస్తే బంతి బరువెక్కినట్టు నడుస్తుంది, కుషన్ తిప్పికొట్టే తీరు మారిపోతుంది. అందుకే పెద్ద పోటీల్లో టేబుల్ కిందే హీటర్లుంటాయి. అవి రాతిని వెచ్చగా, బట్టని పొడిగా ఉంచుతాయి.

ఇక మన వీధి పార్లర్ల సంగతి చెప్పాలంటే కడుపు మండుతుంది. హీటర్ మాటే ఎత్తరు. పలచటి రాయి, కొన్నిచోట్ల రాయి బదులు ప్లైవుడ్డు. నూలో నైలానో తెలియని బట్ట చిరిగితే టేపు అంటిస్తారు. గిరాకీ సంతోషించాలని పాకెట్లు బకెట్లంత చేస్తారు! 52.5 మిల్లీమీటర్ల బంతులు ఒక్క సెట్టులోనే చిన్నా పెద్దా తేలతాయి. నాకు తెలిసిన ఒక పార్లర్‌లో ఇంటి ఇస్త్రీపెట్టెతో, నీళ్లు చల్లి మరీ, అటూ ఇటూ రుద్దేశారు. ఆ టేబుల్ మీద నేర్చుకున్న కుర్రాడు తన గురిదే తప్పని ఏడుస్తాడు. తప్పు వాడిది కానే కాదు.

పాత క్లబ్బుల్లో మార్కర్లుండేవారు. స్కోరు చెప్పేదీ, బట్ట దువ్వేదీ, ఇస్త్రీ చేసేదీ వాళ్లే. బంతి దొర్లే తీరు చూసి టేబుల్ ఏ మూల కుంగిందో చెప్పేవారు. అలాంటివాళ్లు రిటైరైతే ఆ చోటు ఖాళీగానే ఉండిపోతోంది.

పార్లర్ పెట్టేవాళ్లకి చేతులు జోడించి అడుగుతున్నాను. ఏసీకి, సోఫాలకి, గోడల మీద బొమ్మలకి పోసే డబ్బులో కొంత టేబుల్ కిందికి పోనివ్వండి. ఫిట్టర్ కూలి దగ్గర బేరమాడకండి. బట్ట చిరిగేదాకా ఆగకుండా, అరిగినప్పుడే మార్చండి. మీ ఊరి పాత క్లబ్బులో పని తెలిసిన మార్కర్ ఇంకా ఉంటే, ఈ నెలలోనే ఒక కుర్రాణ్ణి ఆయన దగ్గర పనికి పెట్టండి.