ముందువాడి చెయ్యే మన కన్ను

తెల్లవారకముందే హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్క సర్వీసు రోడ్డు మీద పది సైకిళ్లు ఒకదాని వెనక ఒకటి దూసుకుపోతుంటే, చూసేవాళ్లకి కనిపించేది వేగం. ఆ వరుసలో ఉన్నవాడికి కనిపించేది ముందువాడి నడుము. అంతకు మించి రోడ్డు పెద్దగా కనిపించదు. గుంత వస్తుంటే ముందువాడి చెయ్యి కిందికి దిగి, వేలు అటు చూపిస్తుంది. అతను చూపించకుండా తప్పుకుపోతే ఆ గుంతలో పడేది అతను కాదు, అతని వెనక నాలుగోవాడు.

ఇలా అంటిపెట్టుకుని తొక్కడాన్ని డ్రాఫ్టింగ్ అంటారు. గాలిని చీల్చే పని ముందువాడిది కాబట్టి వెనకవాడికి సుమారు మూడో వంతు శ్రమ తప్పుతుంది. అందుకే రోడ్డు రేసులో ప్రత్యర్థులు కూడా గంటల తరబడి వంతులు వేసుకుని ముందుండి లాగుతారు. ఈ లాభం బాగా దక్కాలని చక్రానికీ చక్రానికీ మధ్య ఎడాన్ని అడుగున్నర దాకా తగ్గించుకుని తొక్కుతారు. గంటకి 36 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి 10 మీటర్లు. ముందువాడు ఉన్నట్టుండి గట్టిగా బ్రేకు వేస్తే, మన వేళ్లు కదిలే అర సెకనులోనే ఆ అడుగున్నరా హరించుకుపోతుంది. అంటే అక్కడ మనల్ని కాపాడేది మన బ్రేకు కాదు. ముందువాడు ఉన్నట్టుండి ఏమీ చెయ్యడన్న నమ్మకం.

ఆ నమ్మకాన్ని నిలబెట్టే పద్ధతులు చూడటానికి చాలా చిన్నవి. "లైన్ పట్టుకో" అని సీనియర్లు అరుస్తుంటారు. పక్కకి ఊగకుండా, గీత గీసినట్టు తిన్నగా పొమ్మని. మన వంతు వచ్చి ముందుకెళ్లినప్పుడు ఉత్సాహం కొద్దీ వేగం పెంచకూడదు. పెంచితే వెనక వరుస తెగిపోతుంది. సీటు మీంచి లేచి తొక్కబోతే సైకిలు ఒక్క క్షణం వెనక్కి తన్నినట్టవుతుంది. ఆ జానెడు చాలు, వెనకవాడి చక్రం వచ్చి తగలడానికి. అనుభవం ఉన్నవాళ్లు లేచే ముందు పెడల్ మీద ఒత్తిడి తగ్గనివ్వరు.

వీటన్నిటికన్నా ముఖ్యమైనది, మన ముందు చక్రాన్ని ఎదుటివాడి వెనక చక్రం పక్కకి పోనివ్వకపోవడం. నా మోచేతి మీది మచ్చ ఆ పాఠానిదే. ఆ రోజు ఎదురుగాలి. గాలికి కొంచెం చాటు దొరుకుతుందని నా చక్రాన్ని ఎడమ పక్కగా నాలుగంగుళాలు ముందుకి పోనిచ్చాను. అతను కంకర తప్పించుకుంటూ బెత్తెడు ఇటు జరిగాడు. టైరు టైరుకి రాసుకున్న 'జర్‌ర్' మన్న చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. అతను తూలను కూడా లేదు. నేను మాత్రం రోడ్డు మీద ఉన్నాను. సైకిలు పడిపోకుండా నిలబెట్టేది ముందు చక్రం. ఒరిగిన వైపుకి దాన్ని తిప్పుకుంటూనే మనం నిలదొక్కుకుంటాం. పక్కనుంచి అది నొక్కుకుపోతే తిప్పే వీలుండదు. వెనక చక్రానికి ఆ బాధ్యత లేదు కాబట్టి ముందువాడు బతికిపోతాడు.

దీనికి మందు గడ్డి మైదానం. ఇద్దరిద్దరుగా నడక వేగంతో తొక్కుతూ కావాలని భుజాలు రాసుకుంటారు, మోచేతులు తగిలించుకుంటారు, ఎదుటివాడి వెనక చక్రానికి తమ ముందు చక్రాన్ని మెల్లగా ఆనిస్తారు. పడితే మోకాలికి మట్టి అంటుతుంది, అంతే. పదిసార్లు తగిలాక శరీరం బిగుసుకోవడం మానేస్తుంది. గుంపులో ప్రమాదాలు పెరిగేది బిగుసుకున్న మోచేతుల వల్లనే.

క్రీడాస్ఫూర్తి అనగానే మనం పెద్ద మనసు గురించి మాట్లాడతాం. సైక్లింగులో అది చేతుల్లోంచి, చక్రాల్లోంచి మొదలవుతుందని నా నమ్మకం. 2022 టూర్ డి ఫ్రాన్స్‌లో హౌటకామ్ కొండకి ముందు, కొండ దిగే ఓ మలుపులో రైడర్ పొగాచర్ పడ్డాడు. మొత్తం రేసులో ముందున్నవాడు వేసుకునే పసుపు జెర్సీలో ఉన్న అతని ప్రత్యర్థి వింగెగార్డ్ వేగం తగ్గించి అతని కోసం ఆగాడు. పొగాచర్ వచ్చి కలిశాక చెయ్యి చాచాడు. తొక్కుతూనే ఇద్దరూ చేతులు కలుపుకున్నారు. ఆ తర్వాత కొండ మీద వింగెగార్డ్ అతన్ని వదిలేసి గెలిచాడు. ఆ గెలుపులో ఏ లోపమూ లేదు. పోటీ కాళ్లతో జరగాలి, ఎదుటివాడు పడటంతో కాదు.

పడటం ఎంత దూరం పోగలదో హెల్మెట్ కథ చెబుతుంది. పెద్ద రేసుల్లో అది ఒక చావు తర్వాతే తప్పనిసరి అయింది. 2003 మార్చిలో పారిస్-నీస్ రేసులో కజకిస్తాన్ రైడర్ ఆండ్రీ కివిలెవ్ పక్కవాళ్లతో తగిలి పడ్డాడు. తలకి హెల్మెట్ లేదు. మర్నాడు చనిపోయాడు. ఆ ఏడే అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య నియమం తెచ్చింది.

మన ఊళ్లలో రేసు తొక్కేవాళ్లకి సోమవారం ఉద్యోగాలుంటాయి, ఇంటి దగ్గర పిల్లలుంటారు. ఎనిమిదో స్థానం కోసం చివరి రెండు వందల మీటర్లలో దారి లేని సందులో దూరడం నాకు ధైర్యంగా కనిపించదు. సందు లేదనిపిస్తే పెడలు వదిలెయ్యాలి. నిర్వాహకులు రేసుకి ముందు హెల్మెట్ చూస్తారు, నంబరు అతికిస్తారు. కొత్తవాళ్లందర్నీ ఓ అరగంట గడ్డి మీద తొక్కించి చూస్తే ఎంత బాగుండును!

మొన్న ఆదివారం మా గుంపులో ఓ కుర్రాడు మొదటిసారి ముందుకొచ్చాడు. భుజాలు ఇంకా బిగుసుకునే ఉన్నాయి. ఫ్లైఓవర్ దిగాక అతని ఎడమ చెయ్యి తడబడుతూ హ్యాండిల్ వదిలి కిందికి దిగింది. "గుంత!" అని అరిచాడు. "గుంత", "గుంత" అంటూ ఆ మాట మా మీదుగా చివరివాడి దాకా పోయింది.